చుక్కడి ధర

ఆ వేసవి తలుచుకుంటే ముందు ఉడికిన ఉలవల వాసన గుర్తొస్తుంది. ఎండుచేపల వాసనలో పుట్టి పెరిగిన నాకు, కాపరానికొచ్చిన కొత్తలో ఆ వాసన బొత్తిగా పడేది కాదు. భోగాపురం దగ్గర సముద్రపొడ్డున మా అమ్మది చేపల వ్యాపారం. మా ఆయన ధర్మేంద్ర ఒడ్డుకు ఐసు వ్యాను తోలుకొచ్చి, పోతూ పోతూ నన్ను ఎక్కించుకుపోయాడని మా వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అలా చీపురుపల్లి అవతల ఒక పల్లెలో, వరీ నువ్వులూ పండించుకునే ఇంట్లో దిగాను. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం. మొత్తం నలుగురమే అనుకున్నాను. దిగాక తెలిసింది, ఇంట్లో ఐదోవాడు ఉన్నాడని, అందరికంటే ముందు కంచం పెట్టాల్సింది వాడికేనని.

వాడి పేరు చుక్కడు. పందెం గుర్రం. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లచుక్క. మా వైపు ఎండలు ముదిరే కాలానికి ఊరూరా అమ్మవారి తీర్థాలు మొదలవుతాయి. తీర్థమంటే గుర్రాల పందెం ఉండాల్సిందే. కోతలైపోయిన పొలాల్లో జెండాలు పాతి, వాటి చుట్టూ తోలతారు. గెలిచినవాడికి ఇచ్చేది ఇత్తడి బిందె, కొంత నగదు. ఆ బిందెలు మా ఇంటి అటక మీద ఒకదానిలో ఒకటి దూరి ఉండేవి. చుక్కడు ఎనిమిదేళ్లుగా ఒక్క పందెమూ ఓడలేదు.

భోగాపురం విమానాశ్రయానికి మట్టి తోలడం జోరందుకున్న ఏడు అది. ధర్మేంద్ర ఐసు వ్యాను మానేసి అక్కడ టిప్పరు తోలేవాడు, ఆదివారం వస్తే చుక్కడి మీదెక్కేవాడు. మనిషి మునక్కాడలా ఉంటాడు కాబట్టి గుర్రానికి బరువుండేది కాదు. ఆ ఏడుతో చుక్కడికి సెలవని మావయ్య ముందే చెప్పేశాడు. వయసు మళ్లుతోంది. వేసవి చివర మా ఊరి అమ్మవారి తీర్థంలో ఆఖరిసారి పరిగెత్తించి, పసుపు నీళ్లతో కడిగి, మెడలో దండ వేసి, ఓటమి ఎరగని గుర్రంగా ఊరంతా తిప్పి ఇంటికి తెచ్చుకోవాలి. జోగయ్య మావయ్య బతుకులో అంతకంటే పెద్ద కోరిక ఏదీ నేను వినలేదు.

గెలిచే గుర్రం ఉన్న ఇంటికి ఆడగుర్రాలు రాక మానవు. ఎదకొచ్చిన ఆడగుర్రాన్ని తోలుకొచ్చి, చుక్కడితో దాటించుకుని పోయేవారు. అందుకు మావయ్య తీసుకునేది కుంచెడు ఉలవలు, ఒక కొబ్బరికాయ. తాతల నాటి నుంచీ అంతే. పిల్ల పుట్టాక ఒకసారి తెచ్చి చూపిస్తే అత్తయ్య దాని కాళ్లకు పసుపు రాసేది. ఇంకో రివాజు కూడా ఉంది. ఉలవలిచ్చి పిల్లను పొందినవాడు చుక్కడు దిగిన బరిలోకి ఆ పిల్లను దింపడు. తండ్రి మీదికి కొడుకును తోలకూడదు. ఎవరూ పైకి అనే మాట కాదు, ఎవరూ తప్పే మాటా కాదు. చుక్కడి పిల్లలు చుట్టుపక్కల ఊళ్లలో చాలానే ఉండేవి, అన్నీ చుక్కడు రాని తీర్థాల్లో పరిగెత్తేవి.

దాటు రోజున ఆడవాళ్లం లోపలికి పోయి తలుపు దగ్గరేసుకోవాలి. గుర్రం సిగ్గుపడుతుందట. సిగ్గు గుర్రానికో, మావయ్యకో నాకు తెలియదు కానీ, తలుపు సందులోంచి అత్తయ్య చూసేది, ఆవిడ భుజం మీంచి నేను చూసేదాన్ని.

శివరాత్రి వెళ్లాక పర్లాకిమిడి నుంచి ఒక కంట్రాక్టరు వచ్చాడు. లారీలో గడ్డి పరిచి, దాని మీద గోధుమరంగు ఆడగుర్రం, దానికి విసరడానికో మనిషి. చుక్కడు రామతీర్థం వైపు పందెంలో గెలవడం చూశాడట. మావయ్య మర్యాదగా మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఎంతివ్వాలని అతనడిగాడు. కుంచెడు ఉలవలు, కొబ్బరికాయ అని మావయ్య చెప్పాడు. అతను మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి లేచి, చుక్కడి చుట్టూ తిరిగాడు. నోరు తెరిచి పళ్లు చూశాడు. కాళ్లెత్తి గిట్టలు చూశాడు. ఈ మధ్య జబ్బేదైనా చేసిందా అని అడిగాడు. దీని పిల్లలు బతుకుతున్నాయా అని అడిగాడు. చివరికి మళ్లీ వస్తానని చెప్పి, ఆడగుర్రాన్ని లారీలోంచి దించకుండానే వెళ్లిపోయాడు. ఇంకెక్కడో ఒక గుర్రానికి ఇరవై వేలు అడుగుతున్నారని, దాని దగ్గరికే పోతున్నాడని లారీ డ్రైవరు ధర్మేంద్రతో అన్నాడు.

మావయ్య ఏమీ పట్టించుకోలేదు. అత్తయ్యకు మాత్రం అన్నం సయించలేదు. లక్ష్మీనరసమ్మ అంటే ఊళ్లో నోరున్న మనిషని పేరు. ఆ నోరు ఆ పూట మూతపడింది. సాయంత్రం నేను చేటలో నువ్వులు చెరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"మీ ఒడ్డు మీద సేపకి ధర ఎలగ కడతారే?" అని అడిగింది.

మా అమ్మ దగ్గర నేర్చుకున్నది చెప్పాను. వంజరం చేపకు తక్కువ ధర చెబితే కొనేవాడు మొప్పలెత్తి చూస్తాడు, కంట్లో వేలు పెట్టి చూస్తాడు, ఆఖరికి కుళ్లిందంటాడు. ఎక్కువ చెబితే మొప్ప జోలికి పోడు, బేరం జోలికే పోతాడు. అత్తయ్య చాలాసేపు నా మొహం చూసి, పగలబడి నవ్వింది. అంతవరకూ నన్ను ఆవిడ కోడలిగా ఎంత ఒప్పుకుందో నాకు తెలియదు. ఆ నవ్వుతో పూర్తిగా ఒప్పేసుకుంది.

దాటుకు ధర పెడదామని అన్నాల దగ్గర ఆవిడే మాటెత్తింది. తుపానుకు లేచిపోయిన రేకుల మీద ఇసకబస్తాలు పెట్టుకుని ఎన్నాళ్లుంటాం, శ్లాబు వేసుకుందామంది. మావయ్య ముద్ద ఆపేశాడు.

"దాటుకి ధర కట్టకూడదే."

"ఎందుకు కట్టకూడదో సెప్పు. ఇంటాను."

ఆయన చెప్పలేదు. ముద్ద మింగి, మజ్జిగ పోసుకుని, చెయ్యి కడుక్కుని చుక్కడి దగ్గరికి పోయాడు. ఆయన దగ్గర కారణం లేక కాదు. ఉలవలు పుచ్చుకోవడం వల్ల ఎన్ని పిల్లలు చుక్కడి మీదికి రాకుండా ఆగాయో పైకి అంటే, చుక్కడి గెలుపుల్లో కొంత వాటా ఆ మర్యాదకు రాసివ్వాలి. కన్నకొడుకు గురించి కూడా అంత మాట ఒప్పుకునేవాడేమో కానీ, చుక్కడి గురించి ఒప్పుకోడు. అది నాకు అప్పుడు తెలియదు. ఒడ్డు మీద పెరిగినదాన్ని నేను, చేపకు కొడుకులుండరు.

ఆయన కాదనకపోవడాన్నే ఒప్పుకోలుగా తీసుకుని పదిహేను వేలన్నాం. సగం దాటు రోజున, సగం పిల్ల పుట్టి లేచి నిలబడి పాలు తాగాక. పందేల కాలంలో గుర్రం అలిసిపోకూడదని మావయ్య ఒక్కటే షరతు పెట్టాడు, వారానికి ఒకటి రెండు ఆడగుర్రాలకు మించి వద్దని. ఊళ్లో వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. జోగయ్య ఇంట్లోకి సముద్రాన్ని అమ్ముకునేదాని కూతురొచ్చింది, ఇక గాలికి కూడా ధర కడుతుందన్నారు. రెండు వారాలు ఒక్క ఆడగుర్రమూ మా గుమ్మం తొక్కలేదు. అత్తయ్య బెంగ పడింది. ఎనిమిదికి దింపుదామా అంది. ధర దించితే మొప్పలెత్తుతారు, దించొద్దన్నాను. మనసులో నాకూ భయమే. మావయ్య మా ఇద్దరి మొహాలూ చూసి మీసం కింద నవ్వుకునేవాడు.

తర్వాత పర్లాకిమిడి లారీ వచ్చింది.

ఈసారి అతను పళ్లు చూడలేదు, గిట్టలు చూడలేదు. ధర విన్నాక చుక్కడు అతనికి ఎన్నడూ లేనంత అందంగా కనిపించినట్టున్నాడు, రెండడుగులు దూరంగా నిలబడి దండం పెట్టుకున్నాడు. అతను లెక్కపెట్టి ఇచ్చిన డబ్బును అత్తయ్య మళ్లీ లెక్కపెట్టి బొడ్డు సంచిలో దాచింది. ఆ మర్నాటి నుంచి ఇక చూసుకోవాలి. గజపతినగరం వైపు నుంచి, పాలకొండ వైపు నుంచి, అటు ఒడిశా నుంచి వచ్చారు. ఈ వారం కుదరదంటే ఇంకో రెండు వేలు ఎక్కువిస్తామన్నారు. కుదరదనడంలో ఉన్న లాభం అత్తయ్యకు అప్పుడు తెలిసింది. కుదిరేదాన్ని కూడా కుదరదనడం మొదలుపెట్టింది.

ఆ పొద్దులు నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. వాకిట్లో కళ్లాపి ఆరకముందే అత్తయ్య గంజి పెట్టిన చీర కట్టుకుని గేటు దగ్గర పీట వేసుకునేది. వచ్చినవాళ్లను ఊరూ పేరూ అడిగేది. ఆడగుర్రం మొహం చూసి, దీనికి పిల్ల నిలవదు, ముందు మేపుకు రండని తిప్పి పంపేది. ఆవిడకు గుర్రాల గురించి తెలిసింది నాకు వంట గురించి తెలిసినంత, అంటే పెద్దగా లేదు. అయినా తిప్పి పంపినవాళ్లు మేపుకుని మళ్లీ వచ్చేవారు. తలుపులు దగ్గరేసుకునే రివాజు ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. ఇద్దరం ఎంతో నవ్వుకునేవాళ్లం. అంత కలిసికట్టుగా, అంత ధీమాగా మేమిద్దరం మళ్లీ ఏ పనీ చేయలేదు. చుక్కడు పోయాడు, గేటు దగ్గర పీట పోయింది, ఇప్పుడా వాకిలి చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

ఒక్కటే తేడా. ఉలవలు తెచ్చేవాళ్లు లేరు. మావయ్య వారం వారం సైకిలు మీద చీపురుపల్లి సంతకు పోయి ఉలవలు కొనుక్కొచ్చేవాడు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఉలవలు కొనడం అదే మొదలట.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎర్రన్న వచ్చాడు. పక్క ఊరివాడు, మావయ్యను మావా అని పిలిచే చనువున్నవాడు. ఆరేడేళ్ల కిందట ఉలవలిచ్చి దాటించుకుపోతే మగపిల్ల పుట్టింది. ఈసారి ఆడగుర్రం లేకుండా బండి మీద ఒక్కడే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, మంచం మీద మావయ్య పక్కన కూర్చుని, జేబులోంచి నోట్ల కట్ట తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"అప్పట్లో నాను కుంచెడు ఉలవలిచ్చీసి పోయేను మావా. ఇప్పుడు ధర పదిహేనంట గదా. పిల్ల కూడా పెరిగిపోనాది. నా దగ్గర మీది ఉండిపోకూడదు."

అత్తయ్యకు కళ్లు చెమర్చినంత పనైంది. ఈ కాలంలో ఇలాంటి మనిషి ఉంటాడా, అడగకుండా తెచ్చిచ్చాడే అని నాతో అంది. కట్ట తీసి లెక్కపెట్టుకుంది. నేను మజ్జిగ కలిపి తెచ్చాను. మావయ్య ఆ డబ్బు వంక చూశాడు, ముట్టుకోలేదు.

"పిల్ల ఎలగున్నాదిరా?" అన్నాడు.

"బాగున్నాది మావా."

"తోలతన్నావా?"

"అమ్మోరి తీర్థంలో తోలదామనుకుంతన్నాను."

"ఏ ఊరమ్మోరు?"

ఎర్రన్న గ్లాసు వంక చూస్తూ, "మీ ఊరమ్మోరే మావా," అన్నాడు.

మావయ్య తలూపాడు. "మజ్జిగ తాగు, ఎండన పడి వచ్చేవు," అన్నాడు. ఎర్రన్న మజ్జిగ తాగి, మావయ్య కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు. అత్తయ్య చేతిలో డబ్బు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడకు తెలిసింది, నాకు ఆవిడ మొహం చూశాక తెలిసింది. ధర ఇచ్చినవాడు కొనుక్కున్నాడు. కొనుక్కున్నవాడికి మర్యాదతో పని లేదు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఎర్రన్న ఊరెళ్లింది. ఆ పిల్లను నేను మొదటిసారి చూడటం అప్పుడే. పాకలో కట్టేసి ఉంది. నల్లటి ఒళ్లు, నుదుట అదే తెల్లచుక్క, తండ్రి కంటే బెత్తెడు ఎత్తు. అత్తయ్య దాని వంక ఎక్కువసేపు చూడలేకపోయింది. డబ్బు వాళ్ల అరుగు మీద పెట్టి, మాకొద్దు నాయనా, ఉలవలిచ్చినప్పుడే సరిపోయిందంది. ఎర్రన్న ఆ డబ్బు తీసి మళ్లీ ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"ధర ఎనక్కిస్తావు సరే అత్తా, దాటు ఎనక్కి తీసుకుంతావేటి?" అన్నాడు. వెటకారం లేదు మాటలో. తనే మళ్లీ చెప్పాడు. "మావంటే గౌరవం నేక కాదు. ఇది ఎక్కడ గెలిసినా, సుక్కడు నేని తీర్థంలో గెలిసిందంతారు. ఏ ఊరెళ్లినా అదే మాట. దీని కాళ్లలో ఎంతున్నాదో నాకు తెలాలా వద్దా? ఇన్నాళ్లూ అడగడానికి నోరు రానేదు. మీరే దారి సూపించేరు."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. మా ఊరి మలుపు దగ్గర ఒక్క మాటంది, వాడు తప్పు మాట్లాడలేదని.

తీర్థం దగ్గరపడింది. ధర్మేంద్ర ఒక ఉపాయం చెప్పాడు. చుక్కడికి కాలు పట్టేసిందని చెప్పి బరిలోకి దింపకుండా, పసుపు నీళ్లు పోసి ఊరేగిద్దాం. ఓడిపోకుండానే సెలవిచ్చినట్టవుతుంది, ఎవరూ కాదనరు. ఊరి పెద్దలు కూడా అదే మంచిదన్నారు. అత్తయ్యైతే బతిమాలుకుంది. మావయ్య పాకలో గుర్రానికి మాలీసు చేస్తున్నాడు. మేమంతా గుమ్మంలో నిలబడి ఉన్నాం.

"నా వల్లే గదా ఇదంతా," అంది అత్తయ్య. ఆవిడ నోట ఆ మాట ఎవరూ అంతకుముందు వినలేదు.

"ధర కట్టమన్న నోరు నీదే. ఎందుకొద్దో సెప్పని నోరు నాది," అన్నాడు మావయ్య. చెయ్యి ఆపకుండా రుద్దుతూనే కొడుకు వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ ఆళ్లు ఆగబట్టి గెలిసేనో, ఈడి కాళ్లుండి గెలిసేనో నాకు తెలదురా. అది తెలకుండా ఈడినెలగ పడుకోబెడతాను?"

అప్పటిదాకా మాకెవరికీ తెలియదు, ఆయన మనసులో ఆ అనుమానం ఉందని. ఎన్నేళ్లుగా ఉందో ఆయన చెప్పలేదు. ధర్మేంద్ర వచ్చి రెండో కాలు రుద్దడం మొదలుపెట్టాడు. ఉపాయం మాట మళ్లీ ఎత్తలేదు.

తీర్థం రోజు జనం విరగబడ్డారు. తండ్రీ కొడుకుల పందెమని చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. జీళ్ల కొట్లు, రంగులరాట్నం, మైకులో పాటలు, పొలం గట్ల నిండా మనుషులు. పర్లాకిమిడి కంట్రాక్టరు కూడా కారేసుకుని వచ్చాడు. పైన ఎండ కాస్తూనే ఉంది, అవతల కొండ మీద మబ్బు పట్టింది. చుక్కడి మీద ధర్మేంద్ర, ఆ పిల్ల మీద ఎర్రన్న మేనల్లుడు గోవింద్. ఇంకా నాలుగైదు గుర్రాలున్నాయి కానీ వాటిని చూసినవాళ్లు లేరు. మావయ్య ఆఖరి జెండా దగ్గర, తాడు పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. కొరడా ముట్టుకోవద్దని ధర్మేంద్రకు ముందే చెప్పాడు.

మొదటి చుట్టు నుంచీ చుక్కడే ముందున్నాడు. నాకు గుర్రాల పరుగు గురించి చెప్పడం రాదు. మట్టి లేచింది, ఆ మట్టిలోంచి తెల్లచుక్క ఒకటి బయటికొచ్చేది, దాని వెనక ఇంకో తెల్లచుక్క. ప్రతి చుట్టుకూ రెండింటి మధ్యా ఉన్న ఎడం అలాగే ఉండేది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, గెలుస్తాడే, గెలుస్తాడే అంటూనే ఉంది. ఆఖరి మలుపులో ఎడం తగ్గింది. రెండు చుక్కలూ పక్కపక్కనే వచ్చాయి. చుక్కడు మెడ చాచాడు, నేను ఎన్నడూ చూడనంత చాచాడు, వాడు బద్ధకించలేదు, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. అయినా ఆ పిల్ల దాటిపోయింది. ఒక గుర్రం పొడవంత ముందు దాటిపోయింది.

గట్ల మీద జనం ఈలలు వేశారు. అత్తయ్య నా చెయ్యి వదిలేసింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మవారి ముందు, అంతమంది జనంలో, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మావయ్య చుక్కడి దగ్గరికి పోయాడు. వాడి ముక్కు తన భుజం మీద పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. తర్వాత కళ్లు తుడుచుకుని, ముందే కలిపి ఉంచిన పసుపు నీళ్లు తెమ్మన్నాడు. గెలిస్తే ఎలా కడిగేవాడో అలాగే నుదుటి నుంచి గిట్టల దాకా కడిగాడు. దండ వేశాడు. ఎవరూ వద్దనలేదు. డప్పులవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, వాయించడం మొదలుపెట్టారు.

ఈ సందట్లో పర్లాకిమిడి కంట్రాక్టరు నా పక్కకు చేరాడు. ఇక వీళ్లు ఇచ్చిన సగం వెనక్కి అడుగుతారు కాబోలని గుండె రాయి చేసుకున్నాను. ఎండెక్కిన చేపకు పొద్దుటి ధర ఎవరిస్తారు? అతను గొంతు తగ్గించి, వచ్చే ఏడు ముప్పై ఇస్తానన్నాడు. తనను గెలిచే కొడుకును కన్న గుర్రమని, అలాంటి గుర్రం జిల్లాలో ఇంకోటి లేదని, ఇంకెవరికీ మాటివ్వొద్దని అన్నాడు. ఓడిపోయిన గుర్రానికి ధర రెట్టింపవడం నాకు మా ఒడ్డు మీద ఎవరూ నేర్పలేదు. చుక్కడు అలిసిపోయాడు, ఇప్పుడు కాదని చెప్పి పంపేశాను.

వెనక్కి తిరిగేసరికి మావయ్య ఆ పిల్ల దగ్గర ఉన్నాడు. వంగి దాని నాలుగు కాళ్లూ పైనుంచి కిందికి నిమురుతున్నాడు. పసుపు చేతులే కావడంతో కాళ్లన్నీ పచ్చగా అయ్యాయి. ఎర్రన్న తప్పు చేసినవాడిలా తల దించుకుని నిలబడ్డాడు. అత్తయ్యా నేనూ దగ్గరికెళ్లాం.

మావయ్య నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. "దీని దాటుకెంతరా?" అన్నాడు.

ఎర్రన్నకు అర్థం కాలేదు. "నీకు ఆడగుర్రం నేదు కదా మావా."

"కొంతాను."

అత్తయ్య నా వంక చూసింది. ఆడగుర్రం కొనడమంటే శ్లాబు డబ్బు మొత్తం దానికే. ఆవిడ నోరు తెరిచి, మళ్లీ మూసేసింది.

ఎర్రన్న కళ్లనిండా నీళ్లతో, "నీ దగ్గర ధరేటి మావా, కుంచెడు ఉలవలియ్యి," అన్నాడు.

"ఉలవలొద్దు. ధర సెప్పు."

"మావా..."

"ఉలవలిచ్చి తీసుకుంటే రేపు నా పిల్లని దీని మీద తోలడానికుండదు. ధర సెప్పరా."

ఎర్రన్న నవ్వబోయి, మావయ్య మొహం చూసి ఆగిపోయాడు. నేను మనసులో లెక్క కట్టాను. ఆడగుర్రం దొరకాలి, అది ఎదకు రావాలి, పదకొండు నెలలు మోయాలి, పుట్టిన పిల్ల పరిగెత్తే వయసుకు రావడానికి నాలుగేళ్లు పట్టాలి. మావయ్యకు అప్పటికే డెబ్బై దాటాయి. ఆయన ఆ పిల్ల కాళ్ల వంకే చూస్తున్నాడు, మొహంలో ఓటమి లేదు, తొందర ఉంది. ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగినంత ప్రేమ మా నాన్న మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

"ఇరవై మావా," అన్నాడు ఎర్రన్న చివరికి. మావయ్య సరేనన్నాడు.

అత్తయ్య బొడ్డులోంచి సంచి తీసింది. పద్ధతి ప్రకారం ఇప్పుడు సగమిస్తే చాలు అత్తా, మిగతాది పిల్ల పుట్టి లేచి నిలబడ్డాక మావే తెచ్చిస్తాడులే అన్నాడు ఎర్రన్న.

అత్తయ్య మావయ్య వంక ఒకసారి చూసింది. మొత్తం ఇచ్చేసింది.